పసిచేతులకు రంగులు – 3వ పాఠం: గంజి, పసుపు, వేళ్లు

కిందటి పాఠంలో గోడకు పాత క్యాలెండర్ కాగితం అంటించి, పిల్లల్ని నిలబెట్టి సుద్దముక్కతో గీయించాం. ఈసారి కుంచె అక్కర్లేదు, వేళ్లు చాలు.

కప్పు మైదాను మూడు కప్పుల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పండి. బాగా చల్లారాక మూడు గిన్నెల్లో పోసి ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఇంకోదాంట్లో పాలకూర రసం కలపండి. పసివాళ్లు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి వంటింటి సరుకులే మేలు. పసుపు మరక ఓ పట్టాన వదలదు, పాత చొక్కా తొడగండి. మిగిలిన గంజి దాచకండి, పులుస్తుంది.

చాప మీద పెద్ద కాగితం పరిచి పక్కనే కూర్చోండి. కాగితం కంటే చేతినే ఎక్కువ గమనించండి. ఏడాదిన్నరప్పుడు భుజం నుంచి చెయ్యంతా ఊగుతుంది. తర్వాత మోచెయ్యి, మణికట్టు, ఆఖరున వేళ్లు అదుపులోకి వస్తాయి. ఇంచుమించు మూడేళ్లకు పాప సున్నా చుట్టి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగుతుంది. చిన్న సంగతి కాదిది. ఎక్కడ ఆగాలో కన్ను చెబుతుంటే చెయ్యి వింటోందన్నమాట. మన లిపిలో ర, ఠ, దాదాపు ప్రతి అక్షరమూ ఇలాంటి చుట్టే. ఈ చుట్టు కుదరకముందే పలక ఇచ్చి దిద్దించడం అన్యాయమని నా అభిప్రాయం.

కొన్నాళ్లకు ఆ సున్నాలో రెండు చుక్కలు పడతాయి, కింద రెండు గీతలు వేలాడతాయి. అది అమ్మ! పొట్ట ఏదని అడక్కండి. చాలా దేశాల్లో మూడు, నాలుగేళ్ల పిల్లలు మనిషిని ఇలాగే మొదలుపెడతారు. "ఇదేం బొమ్మ?" అని కూడా వద్దు. బొమ్మ వేయాలని అనుకోనేలేదేమో, రంగు జారడమే చూస్తోందేమో. "ఇక్కడ గట్టిగా రుద్దావే", "పచ్చ పక్కన పసుపు పెట్టావు" అంటూ కనబడింది చెప్పండి. మిగతా కథ తనే చెబుతుంది.

చివర్లో వంటసోడా కలిపిన నీళ్లు పసుపు గంజి మీద చిలకరించండి, ఎర్రబారుతుంది. నిమ్మరసం పిండితే బుసబుస పొంగి మళ్లీ పసుపుపచ్చ. ప్రతిసారీ ముందు "ఏమవుతుందో చెప్పు" అని అడిగి, ఆ తర్వాతే పోయించండి. హారతి నీళ్లలో వేసే సున్నంతోనూ ఇలాగే ఎర్రబడుతుంది గానీ అది పిల్లల దగ్గరికి రానివ్వకండి, కళ్లలో పడితే ప్రమాదం.

వచ్చే పాఠం అద్దకాలు. ముదురు బెండకాయలు రెండు, ఒక బంగాళదుంప, పాత స్పాంజి ముక్క సిద్ధంగా ఉంచుకోండి.