బోరు నీళ్ల సాల్ట్ పూల్‌కి అసలు శత్రువు సున్నం

సాల్ట్ పూల్‌లో క్లోరిన్ ఉండదనుకోవడం పొరపాటు. నీళ్లలోని ఉప్పు నుంచి సెల్లే (పూల్ నీళ్లు వెళ్లే దారిలో బిగించిన లోహపు ప్లేట్ల పరికరం) కరెంటుతో క్లోరిన్ తయారుచేస్తుంది. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్, శామీర్‌పేట వైపు బోరు నీళ్లు పోసే పూల్స్‌లో ఆ సెల్‌ని తినేసేది సున్నం. దాన్ని దృష్టిలో పెట్టుకునే మిగతా లెక్కలన్నీ చూసుకోవాలి. కింది కొలతలు 50,000 లీటర్ల పూల్‌కి.

ముందు బోరు నీళ్ల హార్డ్‌నెస్ (కరిగి ఉన్న సున్నం ఎంతో చెప్పే కొలత) కొలిపించండి. ఎండాకాలంలో రోజుకి అర సెంటీమీటరు ఆవిరైతే, 40 చదరపు మీటర్ల పూల్‌లో 200 లీటర్లు పోయినట్టు. ఆవిరయ్యేది నీళ్లే, సున్నం అక్కడే ఉంటుంది. 600 పీపీఎం (లీటరుకి 600 మిల్లీగ్రాములు) ఉన్న బోరు నీళ్లతో నెలంతా నింపితే హార్డ్‌నెస్ 72 పీపీఎం పెరుగుతుంది. 200 నుంచి 400 మధ్య ఉంటే మంచిది. అది దాటితే ఆల్కలినిటీని (పీహెచ్ మార్పుని అడ్డుకునే గుణం) 60-70 పీపీఎంకి దించి, పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 7.4-7.6 దగ్గర పట్టుకోవాలి. అప్పుడే సున్నం సెల్ ప్లేట్ల మీద పేరుకోదు.

పీహెచ్ మాత్రం ఊరుకోదు. సెల్‌లో పుట్టే హైడ్రోజన్ బుడగలు నీళ్లని కలియబెట్టి కార్బన్ డయాక్సైడ్‌ని తరిమేస్తాయి, పీహెచ్ పైకి పాకుతుంది. వారానికి రెండుసార్లు కొలవండి. 8కి చేరితే 30 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ అర లీటరుతో మొదలుపెట్టండి. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత యాసిడ్. తలకిందులు చేస్తే మొహం మీదకి చిమ్ముతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, పంపు నడుస్తుండగా, నీళ్లు పూల్‌లోకి తిరిగొచ్చే రిటర్న్ ధార ముందు మెల్లగా పోయాలి. నాలుగు గంటలాగి మళ్లీ కొలవాలి. ఈ అర లీటరు ఆల్కలినిటీని కూడా 5 పీపీఎం దించుతుంది. మరీ పడిపోతే 840 గ్రాముల వంటసోడా 10 పీపీఎం పెంచుతుంది. యాసిడ్ డబ్బా క్లోరిన్ డబ్బా పక్కన పెట్టకండి. రెండూ కలిస్తే విషవాయువు.

ఇక ఉప్పు. ఎక్కువ యంత్రాలకి 3,200 పీపీఎం సరిపోతుంది, అయినా మీ మాన్యువల్‌దే చివరి మాట. లెక్క సులువు: 100 పీపీఎంకి 5 కిలోలు. 2,600 ఉంటే 30 కిలోలు కావాలి. అయోడిన్ లేని శుద్ధి చేసిన ఉప్పే వాడాలి. చవకని కల్లుప్పు వేస్తే సున్నం, మట్టి కూడా వెంట వస్తాయి. సెల్ ఆపి, పంపు నడుపుతూ, అడుగున చీపురు బ్రష్‌తో కదుపుతూ ఒకరోజు కరగనివ్వాలి.

తెర మీద 'ఉప్పు తక్కువ' అని రాగానే బస్తా విప్పకండి. పొలుసు కట్టిన సెల్ కూడా అదే అబద్ధం చెబుతుంది. ఉప్పు కొలిచే స్ట్రిప్‌తో చూసుకోండి, టీడీఎస్ పెన్ను వద్దు, అది బోరు నీళ్లలోని లవణాలన్నీ కలిపి చూపిస్తుంది. ఉప్పు ఎక్కువైతే కొన్ని నీళ్లు తీసి పారబోసి కొత్త నీళ్లు నింపడం తప్ప దారి లేదు. సెల్ విప్పి చూస్తే ప్లేట్ల మధ్య తెల్లటి గారలాంటి పొలుసు కనిపిస్తుంది. నాలుగు వంతుల నీళ్లకి ఒక వంతు యాసిడ్ కలిపి, బుడగలు ఆగేదాకా నానబెట్టండి. నెలనెలా ఇలా కడిగితే ప్లేట్ల పూత పోతుంది, కాబట్టి మందు పీహెచ్ దగ్గరే ఉంది.

మన ఎండకి స్టెబిలైజర్ (క్లోరిన్‌ని ఎండ నుంచి కాపాడే సయాన్యూరిక్ యాసిడ్) లేకపోతే క్లోరిన్ మధ్యాహ్నానికే మాయం. 60-80 పీపీఎం ఉంచండి (10 పీపీఎంకి అర కిలో). దానికి తగ్గట్టు ఫ్రీ క్లోరిన్ (మలినాలతో కలిసిపోకుండా ఇంకా పనిచేసే క్లోరిన్) 3-4 పీపీఎం ఉండాలి. క్లోరిన్ పరీక్షలో పసుపు రంగు వచ్చే ఓటీవో చుక్కలు మొత్తం క్లోరిన్‌నే చూపిస్తాయి, ఫ్రీ క్లోరిన్‌ని విడిగా చూపించే గులాబీ రంగు డీపీడీ కిట్ కొనండి. తగ్గితే 10 శాతం లిక్విడ్ క్లోరిన్ అర లీటరు 1 పీపీఎం ఇస్తుంది. బ్లీచింగ్ పౌడర్ మాత్రం వద్దే వద్దు, అది మళ్లీ సున్నమే.

వానాకాలంలో మేడ మీది శుభ్రమైన వాన నీళ్లని పూల్‌లోకి మళ్లించండి. హార్డ్‌నెస్ దిగుతుంది, ఉప్పు, స్టెబిలైజర్ కూడా పలుచనవుతాయి కాబట్టి పెద్ద వాన పడ్డ మర్నాడు రెండూ కొలిచి వేసుకోండి.