టెక్సాస్‌లో హైస్కూల్ మారిన పిల్లలు వార్సిటీ ఆడాలంటే: పీఏపీఎఫ్ ఎలా నింపాలి, ఎక్కడ ఆగిపోతుంది

ఆగస్టు వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "మావాడు స్కూల్ మారాడు, కోచ్ వార్సిటీలో ఆడించట్లేదు, ఏదో ఫామ్ పెండింగ్ అంటున్నారు, ఎవరికైనా ఐడియా ఉందా అండీ" అని. వార్సిటీ అంటే స్కూల్ మెయిన్ టీం. దానికింద సలహాలు వరసపెట్టి వస్తాయి, ఫ్రెండ్ అడ్రస్ పెట్టెయ్యండి అని ఒకరు, లాయర్‌ని పెట్టుకోండి అని ఇంకొకరు. ఈ మధ్య కన్సల్టెంట్లు కూడా దిగారు, "లీజు మేం చూసుకుంటాం, ఎలిజిబిలిటీ గ్యారంటీ" అని డబ్బులు తీసుకుంటున్నారు. ఆ గ్యారంటీ ఇచ్చే అధికారం వాళ్ళకే కాదు, కొత్త స్కూల్ కోచ్‌కి కూడా లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఇదంతా టెక్సాస్ పబ్లిక్ స్కూళ్ళ సంగతి, వేరే స్టేట్‌లో ఉన్నవాళ్ళకి రూల్స్ వేరు.

టెక్సాస్‌లో స్కూల్ ఆటలన్నీ యూఐఎల్ కింద నడుస్తాయి, యూనివర్సిటీ ఇంటర్‌స్కాలస్టిక్ లీగ్ అని, 1910లో మొదలైంది, ఆస్టిన్‌లో ఉంటుంది. మీ పిల్లలు 9 నుంచి 12లోపు కొత్త స్కూల్లో చేరి, అంతకుముందు 8వ క్లాసు దగ్గర్నుంచి ఎప్పుడైనా వేరే స్కూల్ తరఫున ఆడి ఉంటే, వార్సిటీ ఆడే ముందు ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫామ్ పూర్తవ్వాలి. దాన్నే అందరూ పీఏపీఎఫ్ అంటారు. మ్యాచ్ ఆడలేదు, ఊరికే ప్రాక్టీసుకి వెళ్ళాడంతే అన్నా లెక్కలోకి వస్తుంది. డిబేట్, నంబర్ సెన్స్ లాంటి పోటీలకి ఈ ఫామ్ గొడవ లేదు, ఇది ఆటలకే.

ఫామ్ మొదలుపెట్టేది కొత్త స్కూల్ వాళ్ళే. అడ్మిషన్ అయిన రోజే అథ్లెటిక్ కోఆర్డినేటర్‌కి ఒక మెయిల్ కొట్టండి, మావాడు ఫలానా స్కూల్లో టెన్నిస్ ఆడాడు, పీఏపీఎఫ్ స్టార్ట్ చెయ్యండి అని. పేరెంట్స్ భాగం మీరు నింపుతారు, పాత స్కూల్ వాళ్ళ భాగం వాళ్ళు నింపుతారు, మళ్ళీ కొత్త స్కూల్‌కి వచ్చి అక్కణ్ణుంచి డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ, అంటే డీఈసీ దగ్గరికి వెళ్తుంది. ఫిజికల్ అనే డాక్టర్ చెకప్, మార్కులు, సెప్టెంబర్ 1 నాటికి 19 నిండకపోవడం, ఇవన్నీ మామూలే, స్కూలే చెప్తుంది. స్కూల్ తెరిచిన మొదటి ఆరు రోజుల్లో చేరకుండా మధ్యలో చేరితే 15 క్యాలెండర్ రోజులు క్లాసులకి వెళ్ళాక గానీ మ్యాచ్ ఉండదు, అది గుర్తుంచుకోండి చాలు.

ఇక అసలు చోటు. సగం మంది ఇక్కడే పడతారు, అడ్రస్ దగ్గర. యూఐఎల్ రూల్స్‌లో 442వ సెక్షన్ ప్రకారం పిల్లాడు ఎక్కడ ఉంటున్నాడన్నది కాదు, తల్లిదండ్రులు నిజంగా ఎక్కడ కాపురం ఉంటున్నారన్నది చూస్తారు. లీజు కాయితం ఉంటే సరిపోతుందనుకుంటారు మనవాళ్ళు. సరిపోదు. సామాన్లు ఎక్కడున్నాయి, ఉత్తరాలు ఏ ఇంటికి వస్తున్నాయి, పాత ఇల్లు ఖాళీ చేశారా, అమ్మకానికో అద్దెకో పెట్టారా, లేక వీకెండ్ వస్తే అక్కడికే వెళ్తున్నారా, ఇవన్నీ అడుగుతారు. నాకు తెలిసిన ఒక ఫ్యామిలీ కొత్త స్కూల్ జోన్‌లో చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుని లీజు, కరెంట్ బిల్లు పట్టుకెళ్ళారు, అన్నీ వాళ్ళ పేరు మీదే. కమిటీలో ఒకాయన బిల్లు తిరగేసి యూనిట్ల దగ్గర వేలు పెట్టి అడిగాడు, ఆగస్టులో నలుగురు మనుషులు ఏసీ వెయ్యకుండా ఎలా ఉన్నారండీ అని. ఇంకేం మాట్లాడతారు. బిల్లు ఉండటం వేరు, ఆ బిల్లులో కాపురం కనపడటం వేరు.

మన ఇళ్ళల్లో ఎక్కువగా వచ్చే చిక్కులు ఇవి. కొత్త ఇల్లు ప్రాస్పర్ వైపో సెలీనా వైపో కడుతున్నారు, బిల్డర్ డేట్ జరుపుకుంటూ పోతున్నాడు, స్కూల్ మాత్రం తెరిచేశారు. కాంట్రాక్ట్ చూపించి సీటు తెచ్చుకోవచ్చేమో గానీ వార్సిటీకి మాత్రం మీరు ఆ ఇంట్లో దిగాలి. పాత ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చారు, తప్పేం కాదు, కానీ టెనెంట్‌తో చేసుకున్న అగ్రిమెంట్ కాపీ జత చెయ్యండి, అడక్కముందే. భార్యాభర్తల్లో ఒకరు పిల్లాడితో కొత్త ఇంట్లో, ఇంకొకరు పాత ఇంట్లో ఉంటే మాత్రం కష్టం, విడాకులు అవ్వకుండా విడిగా ఉంటున్నారంటే రూల్ ఏడాది ఆపేస్తుంది. మీరేమో విడిపోలేదు, క్లయింట్ హ్యూస్టన్‌లో ఉన్నాడు కాబట్టి వారంలో నాలుగు రోజులు ఆయన అక్కడ ఉంటాడంతే. అలాంటప్పుడు ఎంప్లాయర్ దగ్గర లెటర్ ముందే తీసుకుని, ఇల్లు ఒక్కటేనని ఒక పేజీలో రాసి పెట్టండి.

బాబాయి ఇంట్లో ఉంచి చదివిస్తాం, పవర్ ఆఫ్ అటార్నీ నోటరీ చేయిస్తాం అనేవాళ్ళు కూడా ఉన్నారు. స్కూల్లో చేర్చుకోవడానికి అది పనికొస్తుందేమో, వార్సిటీకి పనికిరాదు. తల్లిదండ్రులు ఉండగా గార్డియన్ ఇంటిని పిల్లాడి ఇల్లుగా లెక్కేయాలంటే మామూలుగా కోర్టు ఇచ్చిన గార్డియన్‌షిప్ ఉండాలి, దానిమీద పిల్లాడు వాళ్ళతో ఏడాది ఉండి ఉండాలి. అలాగే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు ట్రాన్స్‌ఫర్ అప్రూవ్ చేశారు కదా అనుకోవద్దు. అది క్లాసులో కూర్చోవడానికి. మీ ఇల్లు ఆ జోన్‌లో లేకపోతే పిల్లాడు ఆ స్కూల్లో ఒక క్యాలెండర్ ఏడాది పూర్తి చేశాకే వార్సిటీ. ఈ తేడా ఫ్రంట్ ఆఫీసులో ఎవరూ విడమరిచి చెప్పరు, వాళ్ళని అనీ లాభం లేదు, వాళ్ళ పని అడ్మిషన్ వరకే.

అడ్రస్ అంతా సక్రమంగా ఉన్నా ఆగిపోయే రెండో చోటు ఒకటుంది, అది 443వ సెక్షన్. ఆటల కోసమే స్కూల్ మారారని తేలితే, అమ్మానాన్న ఇద్దరూ నిజంగా ఇల్లు మారినా సరే, కనీసం ఏడాది వార్సిటీ లేదు. మొదటిసారి వినేవాళ్ళు ఇది నమ్మరు. పాత స్కూల్ వాళ్ళకి వెళ్ళే భాగంలో ఈ సంగతే అడుగుతారు, పాత కోచ్‌తో గొడవలున్నాయా, ఆటల కోసం మారుతున్నాడని మీకు అనిపిస్తోందా అని. అక్కడ అవును అని పడితే ఇక ఫైలు హియరింగ్‌కే. ఆ హియరింగ్‌లో కూర్చునేది ఎవరనుకున్నారు, మీ స్కూల్ ఆడే యూఐఎల్ డిస్ట్రిక్ట్‌లోని స్కూళ్ళ ప్రతినిధులు. అంటే రేపు మీవాడు ఎవరిమీద ఆడాలో ఆ స్కూళ్ళవాళ్ళు. వాళ్ళు అన్యాయం చేస్తారని నేననను, కానీ కాయితాలు వదులుగా ఉంటే పట్టించుకోకుండా వదిలేసే మొహమాటం వాళ్ళకి ఉండదు.

అందుకని పాత స్కూల్ వదిలేటప్పుడు కోపంగా మెయిళ్ళు పెట్టకండి. "మా అమ్మాయిని కావాలనే బెంచ్ మీద కూర్చోబెట్టారు, మంచి ప్రోగ్రాం ఉన్న స్కూల్‌కి వెళ్ళిపోతున్నాం" అని రాత్రి పదకొండింటికి రాసిన మెయిల్ ఎవరూ పారెయ్యరు. ప్రైవేట్ అకాడమీలో కోచింగ్ ఇచ్చేవాడే కొత్త స్కూల్లో కోచ్ అయితే ఆ విషయం దాచొద్దు, ఎలాగూ తెలుస్తుంది, దానికంటే ఇల్లు మారడానికి అసలు కారణం ఏంటో, ఉద్యోగమా, లీజు అయిపోవడమా, చిన్నపిల్లల స్కూలా, తేదీలతో సహా చూపించండి. ఇంటి కాంట్రాక్ట్ తేదీ సీజన్ గొడవకంటే ముందుదైతే అదే మీకు పెద్ద బలం.

డీఈసీ కాదంటే స్టేట్ ఎగ్జిక్యూటివ్ కమిటీకి అప్పీల్ ఉంది. గడువు తక్కువ కాబట్టి నిర్ణయం చెప్పిన రోజే అప్పీల్ ఎలా, ఎప్పటిలోపు అని స్కూల్‌ని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వేవర్, అంటే రూల్ నుంచి మినహాయింపు, అని ఇంకో దారి కూడా ఉంది, మీ చేతిలో లేని కారణాలవల్ల పిల్లాడు తల్లిదండ్రులతో ఉండలేని పరిస్థితి ఉంటే దానికి. అది అడ్రస్ రూల్‌కి సంబంధించింది, 443 కింద వచ్చిన నిర్ణయాన్ని తిప్పడానికి కాదు.

కోర్టుకి వెళ్తే? వెళ్ళినవాళ్ళున్నారు, గెలిచినవాళ్ళూ ఉన్నారు. వెర్మాంట్ నుంచి ఆస్టిన్ వచ్చిన ఒక బాస్కెట్‌బాల్ కుర్రాడి కేసులో 1981లో టెక్సాస్ సుప్రీంకోర్టు, స్కూల్ మారిన ప్రతివాణ్ణీ ఒకే గాటన కట్టి ఏడాది ఆపెయ్యడం చెల్లదని కొట్టేసింది. ఇవాళ ఎవరి కారణం వాళ్ళు చెప్పుకునే వీలు ఉండటం అందరికీ మేలే. కానీ అదే కోర్టు 1985లో నో పాస్ నో ప్లే (పాస్ కాకపోతే ఆట లేదు అనే రూల్) కేసులో, స్కూల్ ఆటల్లో పాల్గొనడం ప్రాథమిక హక్కేం కాదని కూడా చెప్పింది. కాబట్టి జడ్జి దగ్గరికి వెళ్తే చాలు ఆడించేస్తారు అనే లాయర్ మాట కాస్త ఆగి వినండి. పైగా తాత్కాలిక ఆర్డర్ తెచ్చుకుని ఆడితే ఏమవుతుందో డంకన్‌విల్ హైస్కూల్ వాళ్ళని చూస్తే తెలుస్తుంది. కాపెల్ నుంచి మారిన ఆటగాడిని యూఐఎల్ కాదంటే కోర్టు ఆర్డర్‌తో ఆడించారు, 2022లో 6ఎ (అన్నిటికంటే పెద్ద స్కూళ్ళ విభాగం) బాయ్స్ బాస్కెట్‌బాల్ స్టేట్ టైటిల్ గెలిచారు, తర్వాత యూఐఎల్ ఆ టైటిల్ వెనక్కి తీసేసుకుంది, కోచ్‌ని సస్పెండ్ చేసింది. పోయింది ఒక్క ఆటగాడిది కాదు, టీం మొత్తానిది.

దొంగ అడ్రస్ గురించి ఒక్క మాట. పట్టుబడితే కనీసం ఏడాది వార్సిటీ ఉండదు, అడ్మిషన్ ఫామ్‌లో తెలిసి అబద్ధం రాస్తే టెక్సాస్ చట్టం ప్రకారం స్కూల్ డిస్ట్రిక్ట్ మీ దగ్గర ట్యూషన్ వసూలు చెయ్యొచ్చు, ప్రభుత్వ రికార్డులో తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం కూడా. వీసా మీద ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాళ్ళు ఒకసారి ఆలోచించుకోండి. సంతకం మీది, కన్సల్టెంట్‌ది కాదు.

కాలిఫోర్నియా వాళ్ళు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా, అక్కడ సీఐఎఫ్ అనే సంస్థ, ఇల్లు మారకుండా స్కూల్ మారితే కొన్నాళ్ళు కూర్చోబెట్టే సిట్ అవుట్ పీరియడ్ ఉంటుంది, తప్పుడు కాయితాలిస్తే 24 నెలల దాకా ఆపుతారు. మీ ప్రాంతం సీఐఎఫ్‌లో ఏ సెక్షన్ కిందికి వస్తుందో చూసుకుని స్కూల్ అథ్లెటిక్ డైరెక్టర్‌నే అడగండి.

ఫామ్ నడుస్తున్నన్నాళ్ళు పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టనక్కర్లేదు, ఈ ఆంక్ష వార్సిటీకే, దాని కింది టీం జూనియర్ వార్సిటీ, అంటే జేవీలో ఆడొచ్చు. వార్సిటీ మ్యాచ్‌లో మాత్రం అప్రూవల్ రాకుండా కోచ్ తొందరపెట్టినా దించకండి, ఒక్క సెట్ ఆడినా టీం ఆ మ్యాచ్ వదులుకోవాల్సి రావచ్చు. వారానికోసారి కోఆర్డినేటర్‌ని ఫైలు ఎవరి దగ్గరుందని అడగండి. ఎక్కువసార్లు అది పాత స్కూల్లో ఎవరో ఒకరు ఓపెన్ చెయ్యకపోవడం వల్లే ఆగుతుంది, మర్యాదగా ఒక ఫోన్ చేస్తే కదులుతుంది.