ఓట్ల సీజన్‌కు ముందు: ‘ఎవరూ చెప్పని నిజం’ చెప్పే ఛానెళ్లతో జాగ్రత్తలు

నోటిఫికేషన్ పడిందంటే హన్మకొండ నుంచి మంచిర్యాల దాకా ఫోన్లలో ఒక రకం వీడియోలు ఎక్కువైతాయి. కెమెరా ముందు ఒక్కరే కూర్చొని, పేపర్లు రాయనిది, టీవీలు చూపనిది తామే చెప్తున్నామని మొదలుపెట్టే విశ్లేషకుల వీడియోలు. అందరూ ఒకటంటే వీళ్లు దానికి ఎదురు అంటారు. ఎదురు మాట్లాడేవాళ్లు ఉండాల్సిందే. కాళోజీ బతికిన ఓరుగల్లుకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఎదురు చెప్పినంత మాత్రాన ఆ మాట రుజువైపోదు. పోలింగ్‌కు కనీసం నెల ముందే కొన్ని పనులు చేసుకుంటే ఈ సీజన్ నిబ్బరంగా గడుస్తుంది.

ముందు వాళ్ల బతుకుదెరువు ఎట్లా నడుస్తుందో తెలిసి ఉండాలి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, వాళ్లతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణో, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూసో ఉండాలి. ఆ తర్వాత పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం ఛానెల్‌కు పోతుంది. ఎంతసేపు చూస్తే అంత ఆదాయం. ఏదైనా ప్రభుత్వ పని ఇంకా టెండర్ దశలో ఉందంటే చూసేవాళ్లు పక్కకు జరుపుతారు, కుట్ర అంటే చివరిదాకా కూర్చుంటారు. నిజాయితీగా మొదలుపెట్టినవాళ్లు కూడా కొన్నాళ్లకు తమ ప్రేక్షకులకు ఏది నచ్చుతుందో అదే చెప్పే స్థితికి వస్తారు. అందుకే ఒకప్పుడు ఒక విషయంలో సరిగ్గా చెప్పారన్న గుర్తుతో ఇవాళ చెప్పేదంతా నమ్మొద్దు.

ఫోన్ సంగతి. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపండి. వాచ్ హిస్టరీ ఒకసారి తుడిచేసి, ఎన్నికలు అయ్యేదాకా పాజ్‌లో పెట్టండి. ఒక ఛానెల్ పదేపదే ముందుకొస్తుంటే వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘డోంట్ రికమెండ్ ఛానెల్’ ఎంచుకోండి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు కనబడితే, ఆ మెసేజ్ ఇప్పటికే కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. దాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తారు. అక్కడే ఆగి ఆలోచించండి.

అన్నిటికన్నా పనికొచ్చేది ఒక నోట్‌బుక్. మీరు రోజూ చూసే విశ్లేషకుడు గట్టిగా ఒక మాట చెప్పగానే నాలుగు గడులు గీసి రాయండి: తేదీ, సరిగ్గా ఏమన్నాడు, ఎప్పటికల్లా తేలుతుంది, ఏ కాగితం చూస్తే తేలుతుంది. నాలుగో గడి నిండకపోతే ఆ మాటను ఎవరికీ పంపకండి. ‘నేను ప్రశ్న మాత్రమే అడుగుతున్నా’ అనే వీడియోల్లో ఆ గడి దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అభ్యర్థి ఆస్తులు, కేసుల గురించైతే ఎన్నికల సంఘం సైట్‌లో అఫిడవిట్ ఉంటుంది. ప్రభుత్వ ఖర్చైతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. జవాబుకు గడువు 30 రోజులు కాబట్టి ముందే మొదలుపెట్టాలి. వీడియో ముక్క అయితే అసలు ప్రసంగం వెతికి, ఆ ముక్కకు ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు వినండి.

కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీనే తీసుకోండి. ఏడో బ్లాకులో పియర్లు (స్తంభాలు) కుంగింది 2023 అక్టోబర్ 21న, అసెంబ్లీ పోలింగ్ నవంబర్ 30న. లోపం ఉందన్నది కళ్లకు కనబడింది, దాన్ని లేవనెత్తినవాళ్లు మంచి పనే చేశారు. కారణం ఏంటి, బాధ్యత ఎవరిది అన్నది మాత్రం డిజైన్లు, నిర్మాణ రికార్డులు, పునాది పరీక్షలు చూస్తే తప్ప తేలదు. అంత పని ఆ నలభై రోజుల్లో ముగిసేది కాదు. ఇట్లాంటి సందర్భంలో కనబడ్డదాన్ని ఒక వరుసలో, ఊహించినదాన్ని ఇంకో వరుసలో రాసుకోండి. చాలా వీడియోలు ఈ రెంటినీ ఒకే గొంతుతో చెప్తాయి.

పోలింగ్ రోజు వచ్చే వీడియోలు, మెసేజ్‌లు ఎక్కువ చేటు చేస్తాయి, ఎందుకంటే మనిషిని బూత్‌కు పోకుండా ఆపగలవు. ఓటర్ల జాబితాలో పేరు లేకున్నా ఆధార్ చూపి ‘ఛాలెంజ్ ఓటు’ వేయొచ్చన్నది అబద్ధం. పేరు లేకపోతే ఓటు లేదు, అందుకే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి ముందే చూసుకోవాలి. మీ పేరు మీద ఎవరో ఇప్పటికే ఓటేసి పోతే టెండర్డ్ ఓటు అడగొచ్చు, అది నిజం, బ్యాలెట్ పేపర్ మీద వేయిస్తారు. టెండర్డ్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ అన్నది మళ్లీ కల్పన.

సాయంత్రం చెప్పిన పోలింగ్ శాతం రాత్రికి పెరిగితే దొంగ ఓట్లు కలిపారంటారు. గడువుకు క్యూలో ఉన్నవాళ్లందరికీ ఓటేసే హక్కుంది, లెక్కలు బూత్‌ల నుంచి ఆలస్యంగా చేరుతాయి. అనుమానముంటే చూడాల్సింది 17సి ఫారం. ప్రతి బూత్‌లో పడ్డ ఓట్ల లెక్క దాన్లో ఉంటుంది, నకలు పోలింగ్ ఏజెంట్లకు ఇస్తారు. ‘తొందరగా మూసేశారు’ అన్నా టైం సరిచూడండి. 2023లో ములుగు, భూపాలపల్లి, మంథని సహా 13 స్థానాల్లో పోలింగ్ సాయంత్రం 4 వరకే అని ముందే ప్రకటించారు. ఈవీఎంలో నొక్కింది ఒకటి, వీవీప్యాట్‌లో (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే యంత్రం) కనబడ్డది ఒకటి అనిపిస్తే, చీటీ కనబడేది 7 సెకన్లే కాబట్టి జాగ్రత్తగా చూసి, అక్కడికక్కడే ప్రిసైడింగ్ అధికారికి రాతపూర్వకంగా చెప్పాలి. టెస్ట్ ఓటు వేయించి చూస్తారు. ఫిర్యాదు తప్పని తేలితే శిక్ష ఉంటుంది, కాబట్టి వీడియో చూసిన ఊపులో చేసే పని కాదది.

ఇంట్లో అమ్మానాన్నలకు ఈ వీడియోలు ఎక్కువగా చేరేది దగ్గరివాళ్ల నుంచే. జగిత్యాల, నిజామాబాద్ దిక్కు దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్న కొడుకు పంపితే అది వార్తకన్నా ఎక్కువ. ‘అది అబద్ధం నాయినా’ అని ముఖం మీద అంటే వాళ్లు కొడుకు పక్షమే నిలబడతారు. కలిసి కూర్చొని మొత్తం వీడియో చూడండి, నోట్‌బుక్‌లో వాళ్లతోనే రాయించండి. కొడుక్కు కూడా అదే పేజీ ఫోటో తీసి పంపండి.

పంచాయతీ ఎన్నికలకు ఇంకో లెక్క. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం నడిపేవి, పార్టీ గుర్తులు ఉండవు, ఓటు బ్యాలెట్ పేపర్ మీద. కాబట్టి ఆ ఫలితాల మీద ‘ఈవీఎం మాయ’ అన్న వీడియో వస్తే అక్కడితోనే మూసేయొచ్చు. ఫలానా పార్టీకి ఇన్ని సర్పంచ్‌లు అన్న అంకెలు ఆయా పార్టీలు తమ మద్దతుదారులను లెక్కేసుకుని చెప్పేవి. ఒకే సర్పంచ్‌ను రెండు పార్టీలు లెక్కలో వేసుకోవచ్చు, అందుకే మొత్తం కూడి చూస్తే ఊళ్ల సంఖ్య దాటిపోతుంటే ఆశ్చర్యపోకండి. మీ మండలంలో గెలిచినవాళ్ల పేర్లు ఎంపీడీవో ఆఫీసులో అడిగి, ఎవరు ఎటువైపో ఊరివాళ్ల నోట వినండి.