జైలు నుంచి వచ్చిన మహిళకు తోడు నిలవాలంటే: గేటు దగ్గర నుంచి తొలి ఆరు నెలల దాకా

శిక్ష పడిన మహిళ ఎప్పుడు విడుదలవుతుందో ముందే తెలుస్తుంది, నెల ముందు నుంచి ఏర్పాట్లు చేసుకోవచ్చు. రిమాండులో ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. బెయిలు కాగితం మధ్యాహ్నం జైలుకు అందితే సాయంత్రానికి చేతిసంచితో గేటు బయట ఉంటారు. కాబట్టి వాళ్ల విషయంలో బెయిలు పిటిషన్ వేసిన రోజే ఇల్లు, ప్రయాణం సంగతి తేల్చుకోండి. బెయిలు వచ్చి వారం దాటినా జామీను దొరక్క లోపలే ఉండిపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టండి. అలాంటివారి వివరాలు జైలు సూపరింటెండెంటే కార్యదర్శికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. పేద ఖైదీల కోసం కేంద్రం తెచ్చిన పథకం కింద బెయిలుకు, శిక్ష పడినవారి జరిమానాకు డబ్బు సాయం ఉంది.

ముందు ఇల్లు చూడండి

పుట్టింటికా, అత్తింటికా అన్నది ములాఖత్‌లో ఆమెను అడిగి, తర్వాత ఆ ఇంటికి స్వయంగా వెళ్లండి. అరుగు మీద కూర్చున్న మగవాళ్లు "మా ఆడపిల్ల కాదా, రానీయండి" అంటారు. ఆ మాటతో వెనక్కి రావద్దు. రోజూ అన్నం వండి పెట్టేది వదినో మరదలో. ఆమెతో విడిగా మాట్లాడండి. ఎక్కడ పడుకుంటుంది, ఆమె పిల్లలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నారు, పక్కింటివాళ్లు అడిగితే ఏం చెబుతారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ ఇల్లు ఇంకా సిద్ధంగా లేదన్నమాట. భర్త చావుకు సంబంధించిన కేసైతే అత్తింటివాళ్లు పిలిచినా ఆ ఊరికి పంపకపోవడమే మంచిది. పొలం, ఇంటి వాటా గొడవ అందులో చాలాసార్లు ఉంటుంది.

ఇల్లు కుదరకపోతే మహిళలకు ప్రభుత్వ ఆశ్రయమైన శక్తి సదన్ ఉంది. ఒకప్పటి స్వధార్ గృహాలే ఇప్పుడు ఈ పేరుతో నడుస్తున్నాయి. ఇంటి ఆదరణ లేని, జైలు నుంచి వచ్చిన మహిళలకూ అక్కడ చోటివ్వాలి. జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయంలో ముందే మాట్లాడి ఖాళీ ఉందో లేదో తెలుసుకోండి. హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో ఉండనిచ్చేది అయిదు రోజుల దాకానే, దాన్ని మధ్యలో ఆగే చోటుగా మాత్రమే వాడుకోవాలి.

గేటు దగ్గర

చంచల్‌గూడ, రాజమహేంద్రవరం, కడపల్లోని మహిళా జైళ్ల నుంచి వచ్చేవారికి సొంతూరు చాలా దూరం ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు బస్సు ఉచితమని లోపలున్నవారిలో చాలామందికి తెలియదు. తెలిసినా చేతిలో ఒరిజినల్ ఆధార్ ఉండదు. కాబట్టి టికెట్ డబ్బు పట్టుకెళ్లండి. చెప్పులు, ప్యాడ్లు, బటన్ ఫోను, చిల్లరగా అయిదొందలు కూడా ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, సాయంత్రం ఆరింటికి ఒంటరిగా బస్టాండుకు వదలొద్దు. గంజాయి మోయించినవాడో, సారా అమ్మించినవాడో అందరికంటే ముందు గేటు దగ్గరికి వస్తాడు. వాడు లాయరు ఫీజు కట్టానని గుర్తు చేస్తాడు, చేతిలో డబ్బు కూడా పెడతాడు.

బయటికి రాకముందే అడిగి తీసుకోవాల్సినవి: విడుదల ధ్రువపత్రం, జైల్లో చేసిన పనికి జమైన కూలి లెక్క, లోపలికి వెళ్లేటప్పుడు అప్పగించిన వస్తువులు, మందుల చీటీ. పుస్తెలు, కమ్మలు జైలు రిజిస్టరులో లేకపోతే కేసు సొత్తుగా కోర్టులో ఉన్నాయేమో లాయరును అడగండి. కూలి డబ్బును చుట్టాల ముందు లెక్కపెట్టొద్దు, నేరుగా ఆమె ఖాతాలో వేయించండి.

మందుల సంగతి ఒక్క రోజు కూడా వాయిదా వేయొద్దు. క్షయ, హెచ్‌ఐవీ, మానసిక చికిత్స మందులు వాడుతుంటే బదిలీ చీటీ తీసుకుని, చేతిలో ఉన్న మాత్రలు అయిపోకముందే ఊరికి దగ్గరి ప్రభుత్వ కేంద్రంలో పేరు రాయించండి. నిద్ర లేకుండా భయపడుతుంటే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించవచ్చు.

కాగితాలు, ఈ వరుసలోనే

మూడు నెలలు వాడని ప్రీపెయిడ్ నంబరు రద్దవుతుంది, తర్వాత అది వేరేవాళ్లకు వెళుతుంది. ఆమె ఆధార్‌కు ఆ పాత నంబరే ఉంటే ఓటీపీలన్నీ ఎవరికో పోతాయి. అందుకే ముందు కొత్త సిమ్, తర్వాత ఆధార్ కేంద్రంలో నంబరు మార్పు, ఆ తర్వాత బ్యాంకు, చివరికి రేషన్ కార్డు. వరుస తప్పితే ప్రతి కౌంటరు దగ్గరా "ఓటీపీ వచ్చిందా అమ్మా" అని అడిగి వెనక్కి పంపుతారు. వేలిముద్రలు అరిగిపోయి ఉంటే కంటిపాప స్కాన్ చేయమని అడగండి. శక్తి సదన్‌లో ఉంటున్నవారికి ఆ సదన్ అధికారి ఆధార్ నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చిరునామా రుజువుగా చెల్లుతుంది.

రెండేళ్లకు పైగా లావాదేవీలు లేని ఖాతా నిలిచిపోతుంది. మళ్లీ తెరిపించడానికి కేవైసీ చాలు, బ్యాంకు రుసుము అడగకూడదు. రేషన్ కార్డులోంచి పేరు తీసేసి ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలోనూ, తెలంగాణలో మీసేవలోనూ దరఖాస్తు చేయాలి. వితంతు పింఛను ఆగిపోయిందేమో అదే తిరుగుడులో కనుక్కోండి. ఓటు హక్కు కూడా పోదు. లోపల ఉన్నన్నాళ్లే వేయడానికి వీల్లేదు, బయటికి వచ్చాక జాబితాలో పేరు ఉంటే చాలు.

వాయిదాలు

బెయిలు మీద వచ్చిన మహిళ మళ్లీ లోపలికి వెళ్లేది చాలాసార్లు కొత్త నేరం చేసి కాదు, వాయిదా తప్పి. కూలి పోతుందనో, తేదీ తెలియకో కోర్టుకు వెళ్లదు, నాన్ బెయిలబుల్ వారెంటు పుడుతుంది, జామీను ఇచ్చినవాళ్ల మెడకూ చుట్టుకుంటుంది. కేసుకున్న 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు రాసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో వారానికోసారి తేదీ చూడండి. జ్వరమో, కాన్పో వచ్చి వెళ్లలేకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 355వ సెక్షన్ కింద మినహాయింపు పిటిషన్ ఆ ఉదయమే లాయరు వేయాలి, మర్నాడు వేస్తే ఉపయోగం తక్కువ. వారంవారం స్టేషన్లో సంతకం షరతు ఉంటే సంతకం పెట్టిన తేదీలు నోటుబుక్కులోనూ రాసుకోమనండి. లాయరుకు డబ్బు లేదన్న బెంగ అక్కర్లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా ఏ మహిళకైనా ఉచిత న్యాయసహాయం ఉంది, నంబరు 15100.

పిల్లలు

ఆరేళ్ల దాకా బిడ్డ తల్లితో జైల్లో ఉండొచ్చు, ఆ తర్వాత చుట్టాల ఇంటికో బాలసదనానికో పంపుతారు. సదనంలో ఉన్న బిడ్డను నేరుగా వెళ్లి తీసుకురాలేరు. బాలల సంక్షేమ కమిటీకి దరఖాస్తు చేయాలి, ఇంటికి విచారణకు వస్తారు. ఇల్లు, ఆదాయం కుదరకముందే దరఖాస్తు చేస్తే నివేదిక వ్యతిరేకంగా వచ్చి ఆలస్యం పెరుగుతుంది. ముందు వారానికోసారి వెళ్లి చూసి రమ్మనండి. బిడ్డ మొదట దగ్గరికి రాకపోవచ్చు, "అమ్మ దగ్గరికి పో" అని నెట్టొద్దు. జైల్లో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామానే ఉండాలి. ఆర్‌.డి. ఉపాధ్యాయ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. తప్పుగా ఉంటే బడిలో చేర్చకముందే దిద్దించండి.

పని

కుట్టు మెషీను ఇచ్చి, ఫ్లెక్సీ ముందు ఫొటో దిగి వెళ్లిపోయే దాతలను ఒప్పుకోకండి. ఆ ఫొటో వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది, మెషీను మూలన పడుతుంది. జైల్లో చాలామంది నేర్చుకునేది దుప్పట్లు, యూనిఫాంల నేరు కుట్లు. ఊళ్లో డబ్బు వచ్చేది జాకెట్ల మీద. చంక దగ్గర ముడత పడినా, భుజం జారినా రెండో గుడ్డ ఎవరూ ఇవ్వరు. కాబట్టి మొదట చీరలకు ఫాల్ వేయించండి, అది చేతికుట్టు, మెషీనూ అక్కర్లేదు. పక్కన లంగాలు, నైటీలు కుడుతూ ఉండాలి. జాకెట్టు కటింగ్ ముందు పేపరు మీద, తర్వాత పాత చీర గుడ్డ మీద చేయించండి. కొలతకు బాగా కుదిరిన పాత జాకెట్టు విప్పి చూస్తే సగం పని అర్థమవుతుంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో నెల రోజుల టైలరింగ్ కోర్సు భోజనం, వసతితో సహా ఉచితం. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో విడుదలైనవారికీ పని ఇస్తారు, జైలు సంక్షేమ అధికారిని అడగవచ్చు.

డ్వాక్రా సంఘంలో చేర్చేముందు పాత అప్పు తేల్చండి. ఆమె లేనప్పుడు ఆమె వాటా కిస్తీలు మిగతా సభ్యులు కట్టి ఉంటే కోపం అక్కడే ఉంటుంది, జైలు మాట పైకి అనేది మాత్రమే. బాకీ ఎంతో సంఘం లెక్కలు రాసే యానిమేటరు దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, నెలకు ఇంతని ఒప్పించండి. మొదటి ఆరు నెలలు పొదుపే, కొత్త అప్పు వద్దు.

దొంగతనం కేసులో వెళ్లి వచ్చినవారికి ఇంకో బెడద ఉంది. చుట్టుపక్కల ఏది పోయినా స్టేషన్ నుంచి కబురు వస్తుంది. సాక్షిగా విచారించాలంటే మహిళను స్టేషనుకు పిలవకూడదు, ఇంటికే రావాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు అరెస్టు చేయాలంటే అది అసాధారణ పరిస్థితి అయి ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, మెజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి. ఇవి ఒక కాగితం మీద రాసి, లాయరు నంబరుతో కలిపి ఇంట్లో పెద్దవాళ్లకూ ఒక ప్రతి ఇవ్వండి.