కొత్త లారీయా, పాత లారీయా: అడ్వాన్స్ ఇచ్చే ముందు వేసుకోవలసిన లెక్క

మా ఇంట్లో బండి నడిపేది మా ఆయన, లెక్కలు రాసేది నేను. విశాఖపట్నం గాజువాకలో ఉంటాం. రెండు పది టైర్ల లారీలు, పోర్టు నుంచి ఎరువుల బస్తాలతో సాలూరు ఘాట్ మీదుగా జగదల్‌పూర్, రాయ్‌పూర్ వైపు తిరుగుతాయి. ఈమధ్య చుట్టాల్లో, వీధిలో ఎవరు కలిసినా "వదినా, కొత్త బండి తీసుకోమంటావా, సెకండ్ హ్యాండా?" అని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ధరలు ఊరికే పెరగలేదు. 2020 ఏప్రిల్‌లో బండి పొగ మీద బీఎస్-6 అనే కొత్త రూలు వచ్చాక పొగ శుభ్రం చేసే ఫిల్టర్లు, సెన్సర్లు, పొగలోకి చిమ్మే యూరియా ద్రవం ట్యాంకు అన్నీ బండి ధరలో కలిశాయి. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మే నెలలో ఇంజిన్ వేడి మీద కూర్చుని రాయ్‌పూర్ వెళ్లొచ్చిన మనిషిని చూసిన దాన్ని, ఆ ఖర్చు మాత్రం నాకు బాధ అనిపించదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను కలపక ముందు 30 లక్షలున్న బండి మీద 3 లక్షలు మిగులుతాయి. అయితే ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి బండి అద్దెకు పెట్టే మనలాంటి చిన్న ఓనర్లకు కట్టిన ఆ 18 శాతం క్రెడిట్‌గా వెనక్కి రాదు. "జీఎస్టీ తిరిగొస్తుంది" అని షోరూంలో చెబితే, మీ కిరాయి బిల్లులు పట్టుకెళ్లి మీ ఆడిటర్‌ని అడిగాకే నమ్మండి.

ఇక అసలు లెక్క. షోరూంలో నెలకు 25 రోజులు బండి తిరుగుతుందని వేసి చూపిస్తారు. మా నోటుపుస్తకంలో పోయిన ఏడాది సగటు 18 రోజులు. లోడు కోసం క్యూ, వానలు, రిటర్న్ లోడు దొరకని రోజులు, రిపేర్లు అన్నీ పోగా మిగిలింది అంతే. కాబట్టి ఇంకాస్త తగ్గించి, నెలకు 15 రోజుల సంపాదనతో ఈఎంఐ కట్టగలమా అని చూసుకోండి. సంపాదన అంటే కిరాయి కాదు. డీజిల్, టోల్, డ్రైవర్ జీతం, బత్తా, ఇన్సూరెన్స్ పోగా చేతిలో మిగిలేది.

టైర్లకు వేరే డబ్బా పెట్టండి. పోయినసారి పదీ మార్చడానికి మాకు 2,10,000 అయింది. అవి 70,000 కిలోమీటర్లు ఆడాయి. అంటే కిలోమీటరుకు 3 రూపాయలు. బండి ఇంటికి రాగానే మీటరు చూసి ఆ డబ్బు పక్కన పెడతాను.

35 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ అనుకోండి. ఐదేళ్లకైతే ఈఎంఐ సుమారు 74,400, వడ్డీ మొత్తం 9.6 లక్షలు. నాలుగేళ్లకైతే 88,800, వడ్డీ 7.6 లక్షలు. ఏడాది ఎక్కువ పెట్టుకుంటే 2 లక్షలు అదనం. అయినా రెండో బండి లేని వాళ్లను ఐదేళ్లే పెట్టుకోమంటాను. ఒక్క నెల కట్టలేకపోతే పడే టెన్షన్ ఆ 2 లక్షల కంటే బరువు.

లెక్క కుదరకపోతే పాత బండి చూడండి. మా రెండో లారీ అలా కొన్నదే. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తామని చెప్పండి. మన ఊళ్లో ముందు చూడాల్సింది చాసిస్, అంటే బండిని మోసే కింది ఇనుప ఫ్రేము. ఉప్పుగాలి ఒకవైపు, ఎరువుల లోడు ఇంకోవైపు ఇనుమును తినేస్తాయి. చిన్న సుత్తి తీసుకెళ్లి చాసిస్ పొడవునా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు పట్టిన చోట మోత చచ్చిపోయి, అప్పడం ముక్కల్లా పొరలు రాలతాయి. చాసిస్‌కి కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే అక్కడే ఎక్కువసేపు తట్టండి. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీతో అంకె అంకె కలపండి. ఆర్‌సీలో బండి, లోడు కలిపి మొత్తం బరువు ఎంతుందో కూడా చూడండి. పది టైర్ల బండికి పరిమితిని 25 టన్నుల నుంచి 28.5కి పెంచింది 2018 జూలైలో. అంతకు ముందు బండికి 25 అనే ఉంటే, కొత్త బండి లెక్కతో కిరాయి ఊహించుకోకండి. బీఎస్-6 బండైతే కంపెనీ వర్క్‌షాపులో స్కానర్ పెట్టించండి. యూరియా సిస్టమ్‌ని బైపాస్ చేసి అమ్మేవాళ్లున్నారు.

మా తమ్ముడు మధురవాడలో పెద్ద ఎస్‌యూవీ కొంటానంటే కూడా ఇదే పుస్తకం తెరిచాను. 4 మీటర్లు దాటిన పెట్రోల్, డీజిల్ బండికి జీఎస్టీ 40 శాతం, దానిపైన లైఫ్ ట్యాక్స్. 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. అది రిటర్న్‌లో చూపించి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలన్న రూలు లేదు, బయట కొటేషన్ అడగండి. ఇంట్లో నలుగురే, నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతారు. వాడు చివరికి 4 మీటర్ల లోపు బండి తీసుకున్నాడు. ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు దానికీ అంతే సంబరంగా కొబ్బరికాయ కొట్టాం.

కాగితాల దగ్గర మేము దెబ్బ తిన్నాం. రెండో లారీ అమ్మినాయన అప్పు తీరిపోయిందన్నాడు, మేం నమ్మి డబ్బిచ్చేశాం. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉంది, అప్పు తీరిందని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ లేదు. నాలుగు నెలలు బండి మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో నిలబడిపోయింది. అందుకే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీసేయడానికి సంతకం పెట్టిన ఫారం 35, పేరు మార్పుకు ఫారం 29, 30 చేతిలో పడేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్ తేదీలు, చలాన్లు ప్రభుత్వ వెబ్‌సైట్ వాహన్‌లో చూసుకోండి. బండి చేతికొచ్చిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని అప్లికేషన్ పెట్టండి, 30 రోజుల్లోపు ఆర్‌టీఓలో పేరు మార్పుకు వేయండి.