ఘాట్‌లో లీన్ చూపిస్తే ముందు ట్రిమ్ చూడండి

ట్యూన్ చేసిన టర్బో పెట్రోల్ బండి అలిపిరి దాటి ఘాట్ ఎక్కుతుంటే లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేదని) చూపిస్తోందా? వెంటనే మ్యాప్‌లో (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల్లో) పెట్రోల్ పెంచేయకండి. స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్‌లు, అంటే కంప్యూటర్ తనంతట తాను పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూడండి.

ఐడ్లింగ్‌లో ప్లస్ 15 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎంకి 5 లోపు పడిపోతే ఎక్కడో దొంగగాలి (సెన్సర్ లెక్కకి రాని గాలి) లాగుతోంది. ఇన్‌టేక్ గాస్కెట్, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌కి పంపేది), బ్రేక్ బూస్టర్ పైపు చూడండి. ఇన్‌టేక్‌లోకి పొగ పంపి చూసే స్మోక్ టెస్ట్‌లో తేలిపోతుంది. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి వెతకొద్దు, అంటుకుంటుంది.

ఐడ్లింగ్ బాగుండి ఎక్కుడులోనే లీన్ అయితే పెట్రోల్ చాలట్లేదు. పెట్రోల్ ఫిల్టర్, పంపు, పంపుకి అందే వోల్టేజీ చూడండి. పెట్రోల్ ప్రెషర్ లోడ్ మీదే కొలవాలి. నిలబెట్టి చూస్తే అలిసిపోయిన పంపు కూడా పాసైపోతుంది! లోపలికెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్‌కి మురికి పట్టినా ఇదే వరస. దానికి మాఫ్ క్లీనరే వాడాలి.

ఓ2 (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ చూసే) సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకైతే ఉత్తుత్తి లీన్ కూడా చూపిస్తుంది.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పోస్తే ట్రిమ్ కొంచెం పెరగడం మామూలే. అందుకే ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి) అంకె కన్నా లాంబ్డా చూసుకోండి; ఏ పెట్రోల్‌కైనా 1 అంటే సరిపాళ్లు, తగ్గితే పెట్రోల్ ఎక్కువ. ఫుల్ బూస్ట్‌లో 0.8 దగ్గరుండాలి, 0.9 దాటితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. ఆ పరీక్ష డైనో (బండిని నిలబెట్టి రోలర్ల మీద చక్రాలు తిప్పే యంత్రం) మీదే, ఘాట్‌లో కాదు.