స్కీ బైండింగ్ కొనేముందు, మంచు కొండకు బయల్దేరేముందు

దీపావళి దాటి వారమైందో లేదో, మా అన్న కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. "చిన్నాయనా, జనవరిలో గుల్మార్గ్ పోతాండాం. స్కీలు సొంతానికి కొందామనుకుంటున్నా. బైండింగ్ ఏది తీసుకోమంటావు? నడిచి ఎక్కడానికి తేలిగ్గా ఉండాల, దిగేటప్పుడు గట్టిగా పట్టుకోవాల" అన్నాడు.

"ముందు నీ బూట్ల ఫొటో పంపు. మడమ దగ్గర ఒకటి, వేళ్ళ దగ్గర ఒకటి" అన్నాను. బైండింగ్ గురించి అడిగితే బూట్ల ఫొటో ఎందుకని వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే ఫోన్లో కుదరదని ఇది రాస్తున్నాను. అనంతపురం, కడప, కర్నూలు వైపు నాకు తెలిసినవాళ్ళలోనే ఇప్పుడు నలుగురైదుగురు చలికాలం రాగానే గుల్మార్గ్, ఔలి, మనాలి అంటున్నారు. మంచు అంటే ఫ్రిజ్‌లో చూడటమే తప్ప పుట్టి పెరిగిన చోట ఎరగని వాళ్ళం మనం. అక్కడి పిల్లలు నడక నేర్చినప్పటి నుంచి చూసే సంగతులు కొన్ని మనకు ఎవరో ఒకరు చెప్పాలి.

స్కీ అంటే మంచు మీద జారడానికి కాలికి తగిలించుకునే పొడవాటి పలక. బైండింగ్ అంటే బూటును ఆ స్కీకి పట్టి ఉంచే యంత్రం. ఎక్కేటప్పుడు మడమ పైకి లేవాలి, దిగేటప్పుడు మడమ బిగిసి ఉండాలి. మూడో పని ఇంకొకటి ఉంది, మావాడు అడగనిది అదే. మనం పడినప్పుడు బూటును వదిలెయ్యాలి. స్కీ పొడుగు మీటరున్నర పైమాటే. పడినప్పుడు అది కాలికి అతుక్కునే ఉంటే, మెలితిరిగేది మన కాలెముక, మన మోకాలు.

మన తోటల్లో బోరు మోటారుకు ఫ్యూజు ఉంటుంది కదా. మాటిమాటికీ కాలిపోతోందని కొందరు దాని బదులు మందపాటి తీగ చుడతారు. ఇక ఫ్యూజు పోదు, మోటారే కాలిపోతుంది. బైండింగ్ ఊరికే ఊడిపోతోందని స్ప్రింగు బిగించేవాళ్ళు చేసేదీ ఇదే.

ఇది నా కాలితో నేర్చుకున్నాను. మొదటి ఏడాది అద్దె స్కీలు ఇచ్చిన షాపులో కుర్రాడు నన్ను బరువు అడగలేదు. "వచ్చా?" అని మాత్రం అడిగాడు. బాగానే వచ్చు అన్నాను. ఓ చూపు చూసి స్క్రూ రెండు తిప్పులు తిప్పి ఇచ్చాడు. మూడో రోజు, వేగం కూడా లేదు, దాదాపు ఆగిపోతూ వెనక్కి కూలబడ్డాను. ఎడమ స్కీ ఊడలేదు. మోకాలి లోపల 'టప్' మని నాకే వినిపించింది. అనంతపురం తిరిగొచ్చి ఎమ్మారై తీయిస్తే లిగమెంటు తెగింది. తొమ్మిది నెలలు గుత్తి కోట మెట్ల వైపు చూడలేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఎంత సరిగ్గా అమర్చిన బైండింగైనా మోకాలి లిగమెంటును ప్రతిసారీ కాపాడలేదు. ముఖ్యంగా నాలా నెమ్మదిగా వెనక్కి పడేటప్పుడు. ఇవి ముందుగా కాపాడేది కాలెముకను. వెనక్కి పడబోతున్నామని తెలిశాక లేవాలని పెనుగులాడకుండా పక్కకి ఒరిగిపోవడం మేలని శిక్షకులు చెబుతారు. మాట వినండి.

బైండింగ్ ఎంత బలానికి వదలాలో చెప్పే అంకెను అందరూ 'డిన్' అంటారు. మామూలు బైండింగుల్లో ముందు భాగం మీదా, మడమ భాగం మీదా చిన్న కిటికీలాంటి దానిలో ఈ అంకె కనిపిస్తుంది. దాన్ని ఎంతకు పెట్టాలన్నది ఎవరి అంచనా మీదా వదలకూడదు. ఐఎస్ఓ 11088 అనే ప్రమాణం ప్రకారం పట్టిక ఉంటుంది. దానికి కావలసినవి ఐదు: మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు స్కీ చేసే తీరు. తీరు అంటే మూడు రకాలు. మొదటిది జాగ్రత్తగా, నెమ్మదిగా, తక్కువ వాలు మీద చేసేవాళ్ళది. మూడోది వేగంగా, నిటారు వాలు మీద చేసేవాళ్ళది. మధ్యది రెండోది. మూడో రకం అని చెప్పుకుంటే అంకె పెరుగుతుంది, స్కీ ఊడటం కష్టమవుతుంది. కొత్తవాళ్ళం మొదటి రకం అని చెప్పుకోవడంలో నామోషీ ఏమీ లేదు. యాభై దాటినవాళ్ళకు పట్టికలో ఒక మెట్టు తగ్గించి పెడతారు. కాబట్టి వయసు దాచొద్దు. బరువు కూడా పోయిన ఏడాదిది కాకుండా, బయల్దేరే వారంలో తూచుకున్నదే చెప్పండి.

బూటు అడుగు పొడవు అంటే చెప్పుల సైజు కాదు. ప్లాస్టిక్ బూటు మడమ పక్కన 305, 315 అని మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది. అందుకే మావాణ్ణి మడమ ఫొటో అడిగింది. బూటు మారితే బైండింగ్ మళ్ళీ సర్దాల్సిందే. స్నేహితుడి స్కీల మీద మీ బూటు 'టక్'మని కూర్చుందంటే అది సరిపోయినట్టు కాదు.

ఇక రకాల సంగతి. మామూలు ఆల్పైన్ బైండింగ్ దిగడానికే, మడమ లేవదు. గొండోలాలో, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారులో ఎక్కి, సిద్ధం చేసిన దారుల్లో దిగేవాళ్ళకు దీన్ని మించింది లేదు. ఫ్రేమ్ బైండింగ్ అంటే ఆ ఆల్పైన్ బైండింగే ఒక పట్టీ మీద కూర్చుని, ఎక్కేటప్పుడు పట్టీ మొత్తం పాదంతో పాటు లేస్తుంది. మామూలు బూట్లతోనే ఎక్కొచ్చు, కానీ చాలా బరువు. పిన్ బైండింగ్ వేరే జాతి. ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో రూపొందించాడు, తర్వాత డైనాఫిట్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. పొయ్యి మీద గిన్నెను పట్టకారుతో రెండు వైపులా పట్టుకున్నట్టు, బూటు ముందు రెండు వైపులా ఉన్న చిన్న గుంటల్లో రెండు మొనలు దిగి పట్టుకుంటాయి. మడమ దగ్గర మరో రెండు మొనలు. అంతే, ఇంకేమీ లేనట్టు ఉంటుంది. పందేలకు వాడేవి ఒక్కోటి 150 గ్రాములు కూడా ఉంటాయి. నాలుగోది కలగలుపు రకం. ఎక్కేటప్పుడు పిన్‌లా పనిచేసి, దిగేటప్పుడు ఆల్పైన్‌లా పట్టుకుంటుంది. 2018లో వచ్చిన సాలమన్ షిఫ్ట్ ఇలాంటిదే, ఒక్కోటి 900 గ్రాములకు అటూఇటూ.

రకం మారితే వచ్చే అర కిలో తేడా ఎంతలే అనిపిస్తుంది. లెక్క వేద్దాం. ఒక కాలు వెయ్యిసార్లు ఎత్తితే, ఆ అర కిలో 500 కిలోలవుతుంది. నలభై కిలోల చెనిక్కాయల మూటలు పన్నెండున్నర, ఒక కాలితో ఎత్తినంత. రెండో కాలికి ఇంకో పన్నెండున్నర. ఎక్కడం పొద్దస్తమానం ఉండేట్టయితే పిన్ రకమే నా మాట. గుల్మార్గ్‌లో అయితే గొండోలా రెండో దశ దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. అక్కడి నుంచి కాసేపు నడిచి, ఎక్కువసేపు గట్టిగా దిగేవాళ్ళకు కలగలుపు రకం సరిపోతుంది. అనంతపురం ఎత్తు 335 మీటర్లు. గొండోలా దింపే చోట గాలి పలచన, నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది. మొదటి రోజే పైకి పోకుండా ఒకటి రెండు రోజులు కింద గడపండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు మాత్రం ఏదీ కొనొద్దు. అద్దెకు తీసుకోండి, డబ్బు శిక్షణకు పెట్టండి.

బూటుకూ బైండింగుకూ జత కుదరకపోతే పైన చెప్పిందంతా వృథా. పిన్ బైండింగుకు ముందూ వెనకా లోహపు గుంటలున్న టూరింగ్ బూటు, అంటే నడిచి ఎక్కడానికి తయారైన బూటు కావాలి. మామూలు ఆల్పైన్ బూటుకు ఆ గుంటలు ఉండవు. తిరగేసి చూస్తే, టూరింగ్ బూటు అడుగు వంపు తిరిగి రబ్బరుతో ఉంటుంది. దాన్ని పాత ఆల్పైన్ బైండింగులో దూరిస్తే పడుతుంది, కానీ వదలాల్సినప్పుడు రబ్బరు పట్టేసి వదలదు. గ్రిప్‌వాక్ అని నడకకు వీలుగా చేసిన ఇంకో రకం బూటు అడుగు ఉంది, దానికి గ్రిప్‌వాక్‌కు పనికొస్తుందని రాసి ఉన్న బైండింగే కావాలి. అమ్మేవాడు "నడుస్తుంది సార్" అంటే సరిపోదు. ఏ అడుగుకు తయారైందో బైండింగ్ మీదా, దాంతో వచ్చిన పుస్తకంలోనూ రాసి ఉంటుంది, చదివించుకోండి.

పిన్ రకం తీసుకుంటే రెండు జాగ్రత్తలు ప్రాణంతో సమానం. మొదటిది, ముందున్న లివరు. ఎక్కేటప్పుడు దాన్ని పైకి లాగి లాక్ చేస్తాం, అడుగు జారినా ఊడకుండా. లాక్‌లో ఉన్నంతసేపు అది వదలదు. పైకి చేరి, ఆయాసంతో, ఫొటోల హడావిడిలో లివరు దించడం మరిచి దిగడం మొదలుపెడితే, మీరు ఫ్యూజు లేని మోటారు. పైన నిలబడి, పక్కవాడి లివరు మీరు, మీ లివరు పక్కవాడు చూసి చెప్పుకోండి. నోటితో చెప్పాలి, చూపుతో సరిపెట్టకూడదు.

రెండోది మంచు. ముందు మొనలు ఉండే రెండు రెక్కల కింద, స్ప్రింగులున్న చోట మంచు దూరి, తొక్కుడుకి రాయిలా గట్టిపడుతుంది. రెక్కలు పూర్తిగా మూసుకోవు. మూసుకున్నట్టే ఉంటుంది, మొదటి మలుపులోనే ఊడిపోతుంది. బూటు గుంటల్లోనూ ఇదే కథ. తొడిగేముందు గుంటలను చిన్న పుల్లతో గీకి, రెక్కల కింద కూడా గీకి, ఆ తర్వాత ముందు భాగం మాత్రం తొడగండి. మడమ నొక్కకముందే పాదాన్ని గడియారం ముల్లులా అటూ ఇటూ రెండు మూడుసార్లు ఆడించండి. మిగిలిన మంచు పొడి రాలి, మొనలు గుంటల్లో నిండా కూర్చుంటాయి. అప్పుడు మడమ. జేబులో ఒక పుల్ల ఉంచుకోండి, తాళంచెవి గుత్తితో గీకితే గుంట అంచు దెబ్బతింటుంది.

బిగింపు సంగతి. మనూళ్ళో డ్రిల్లింగ్ మిషన్ లేని వీధి లేదు, అయినా స్కీకి రంధ్రం వేసే పని అక్కడ పెట్టొద్దు. స్కీని బట్టి 3.6 లేదా 4.1 మిల్లీమీటర్ల బిట్టు వాడతారు, లోతు సుమారు 9 మిల్లీమీటర్లే. కొంచెం ఎక్కువ పోతే అడుగు నుంచి బయటికొస్తుంది, కొంచెం వంకర పోతే బైండింగే వంకర. స్కీ షాపులో చేయించి, దిగువ చెప్పింది అక్కడే నిలబడి చూడండి: ఆల్పైన్ రకమైతే బూటు తొడిగి, ముందు భాగాన్ని పక్కకి అరచేత్తో కొడితే కాస్త జరిగి మళ్ళీ మధ్యకు రావాలి. రాకపోతే ఎందుకో అడగండి. ఈ స్క్రూల తల చూడటానికి మామూలు ప్లస్‌లా ఉంటుంది గానీ వేరు. దానికి పోజిడ్రైవ్ అనే స్క్రూడ్రైవర్ కావాలి. ఇంట్లో ఉన్న ప్లస్‌తో తిప్పితే తల అరిగిపోయి, కొండ మీద బిగించుకోలేని పరిస్థితి వస్తుంది.

స్కీ ఊడితే ఆగడానికి బ్రేకులుంటాయి, వాటి వెడల్పు స్కీ నడుము, అంటే మధ్య సన్నటి భాగం వెడల్పు కంటే కొద్దిగా ఎక్కువుండాలి. కొన్ని తేలిక రకాలకు బ్రేకు బదులు కాలికి కట్టుకునే తాడు ఇస్తారు. మంచు చరియలు విరిగిపడే చోట ఆ తాడు వద్దు. చరియ లాక్కుపోయేటప్పుడు కాలికి కట్టిన స్కీ మనల్ని లోపలికి లాగేస్తుంది. 2023 ఫిబ్రవరిలో గుల్మార్గ్ పైన అఫర్వత్ కొండ మీద చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. సిద్ధం చేసిన దారి దాటి అడుగు పెట్టాలంటే గైడు, బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ళ జాడ చెప్పే చిన్న రేడియో), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) అన్నీ ఉండాలి, వాడటమూ వచ్చి ఉండాలి.

బయల్దేరే ముందు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. సాయంత్రం మిద్దె మీద పాత బొంత పరిచి, దాని మీద స్కీ పెట్టి, చేతికి మందపాటి గ్లౌజులు వేసుకుని, లివరు తియ్యడం, లాక్ చెయ్యడం, బైండింగ్ మడమ భాగాన్ని తిప్పడం, అన్నీ ఇరవై సార్లు చెయ్యండి. చెమటలు పడతాయి, పర్లేదు. అక్కడ వేళ్ళు మొద్దుబారి, గాలి కొడుతూ ఉంటే చేతికి ఈ అలవాటే దిక్కు.

తిరిగొచ్చాక రేకుల షెడ్డులో పడెయ్యకండి. మన ఎండాకాలం ఎక్కుడు పట్టీల (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించేవి) జిగురును కరిగించి పాడుచేస్తుంది. దుమ్ము బైండింగ్ గ్రీజులో కలిసి గరుకవుతుంది. తుడిచి, గుడ్డ చుట్టి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో మంచం కింద పెట్టండి.

ఇది రాస్తుండగానే మావాడి ఫొటోలు వచ్చాయి. మడమ మీద 305 అని స్పష్టంగా ఉంది. ముందు వైపు చూస్తే నున్నటి ప్లాస్టిక్, ఎక్కడా లోహపు గుంట లేదు. మామూలు ఆల్పైన్ బూట్లు, ఆన్‌లైన్‌లో తగ్గింపు ధరకు దొరికాయట. వాడు చూసిపెట్టుకున్నదేమో పిన్ బైండింగ్. "ఆర్డర్ పెట్టద్దురా, ఈసారికి అద్దె స్కీలు తీసుకో, బరువు నిజం చెప్పు" అని మెసేజ్ పెట్టాను. "సరే చిన్నాయనా, 74 కిలోలు. నిన్ననే తూచుకున్నా" అని జవాబిచ్చాడు.